నాన్న చెయ్యి తగిలిన చోట

పెళ్ళై ఈ ఇంటికి వచ్చాక రోజు మొత్తంలో నాకు బాగా నచ్చింది షాపు తెరిచే వేళ. మేముండేది పైన, షాపు కింద. మా ఆయన షట్టరు ఎత్తి మీట నొక్కగానే ఆవిరి యంత్రం నిద్రలేచిన పిల్లిలా ఒళ్ళు విరుచుకుని "ఉస్స్" మంటుంది. తర్వాత పైకప్పు కింద పట్టాలు కదులుతాయి. వాటికి వేలాడే కోట్లు, గౌన్లు, ప్యాంట్లు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని గదంతా ఒక చుట్టు తిరిగి వస్తాయి. మనుషుల్ని ఇంట్లో వదిలేసి బట్టలే ఎక్కడికో షికారు బయలుదేరినట్టు ఉంటుంది. నేను కౌంటరు మీద మోచేతులు ఆనించుకుని వాటిని చూస్తాను. మా ఆయన నన్ను చూస్తాడు. గిరాకీ మొదలయ్యేదాకా మా ఇద్దరికీ దక్కే కాసేపు అదే.

ఆ ఉదయం పట్టాలు సగం చుట్టయినా తిరగలేదు. పైనుంచి అత్తయ్య కేక వినబడింది.

"పెద్దోడా! ఉన్నపళంగా పైకి రా! ఒరే, వినబడుతోందా?"

పెద్దోడంటే మా బావగారు. ఆయన భార్యను, అంటే నా తోడికోడలిని, నేను అక్కా అని పిలుస్తాను. ముందురోజే ఆస్పత్రి నుంచి పాపతో ఇంటికి వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి కన్న పిల్ల. ఇంకా పేరు పెట్టలేదు. ఆ గుండ్రటి తల, ముడుచుకుని పడుకునే తీరు చూసి నేనే బఠాణీ అన్నాను. పూట తిరక్కుండా ఇల్లంతా అదే పిలుపు. కొత్త కోడలి మాట ఇంత తొందరగా చెల్లుబాటు అవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

బావగారు షాపు వెనక గదిలోంచి వచ్చి ఇనప మెట్లు దబదబా ఎక్కారు. వెనకే మేమిద్దరం.

కిటికీ పక్కన అక్క ఒళ్ళో బఠాణీ బోర్లా పడుకుని ఉంది. వీపు మీద ఎర్రటి మచ్చలు. చొక్కా బొత్తాలంత ఉన్నాయి. ఒక్కొక్కదాని మధ్యలో ఆవగింజలో సగం ఉండే తెల్లటి పొక్కు.

"రాత్రి లేవు," అంది అక్క. "పాలకి లేపినప్పుడు కూడా లేవు. ఇప్పుడు గుడ్డ మారుద్దామని విప్పితే ఇవి. ఏంటండీ ఇవి?"

అక్క ఆ ప్రశ్న ఆయన్నే అడగడానికి కారణం ఉంది. మాది డ్రై క్లీనింగ్ షాపు. మా ఆయన ఇస్త్రీ, లెక్కలు చూస్తాడు. బావగారిది మరకల పని. ఎవరు ఏ బట్ట తెచ్చినా ఆయన దీపం కిందికి లాగి, వంగి, వాసన చూసి, మరక పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తారు. "ఇది టీ కాదండీ, కాఫీ. కూర్చుని తాగుతుంటే కాదు, నడుస్తూ తాగుతుంటే పడింది" అంటారు. మరక పేరు తేలేదాకా ఒక్క చుక్క మందు వెయ్యరు. ఒకసారి ఒకాయన భార్యతో కలిసి వచ్చి కోటు ఇస్తే, కాలరు మీద ఎరుపు చూసి ఈయన "లిప్‌స్టిక్" అనేశారట. గదిలో గాలి ఆగిపోయిందట. వెంటనే మా ఆయన అందుకుని "దానిమ్మరసం అన్నయ్యా, సరిగ్గా చూడు" అన్నాడట. ఆ కోటాయన ఈ రోజు దాకా మా షాపు వదల్లేదు.

అలాంటి మనిషి ఇప్పుడు కూతురి వీపు మీదికి వంగారు. కాసేపు చూశారు. తర్వాత కుడిచెయ్యి చాచి, తాకకుండా, వీపుకి కాస్త ఎత్తులో గాలిలో పెట్టారు. ఒక పక్క నాలుగు మచ్చలు వరసగా ఉన్నాయి. రెండోపక్క ఒకటి, విడిగా. ఆయన వేళ్ళు సరిగ్గా ఆ నాలుగింటి మీద, బొటనవేలు ఆ ఒక్కదాని మీద నిలిచాయి.

"నిన్న సాయంత్రం ఇలాగే ఎత్తుకున్నాను," అన్నారు.

"అయితే?" అంది అక్క.

"ఇది నా చెయ్యే."

"ఏదో దోమ కుట్టుంటుందిరా," అన్నారు అత్తయ్య.

"దోమలు వరస కట్టి కుడతాయా అమ్మా?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ఆ చేతులు నాకూ తెలుసు. వేళ్ళ చివర్లు తెల్లబారి, గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయి, ఎన్నిసార్లు కడిగినా ఏదో ఘాటు మిగిలే చేతులు.

"ఏళ్ళ తరబడి మందుల్లో నానాయి. కోటు మీద రంగే ఎత్తుకుపోతాయి ఆ మందులు. పసిదాని చర్మమెంత? నేనసలు ఎత్తుకోకుండా ఉండాల్సింది."

"మీరు నిన్న సబ్బుతో మూడుసార్లు కడుక్కుని కదా ఎత్తుకున్నారు! నవ్వాను కూడా నేను."

"కడిగితే పోయేదయితే నా ఒంట్లో ఈ వాసనెందుకుంటుంది?" అని ఆయన గుమ్మం దాకా వెనక్కి నడిచారు. వీపు చూపించకుండా వెనక్కే నడిచారు, పిల్ల మీదినుంచి కళ్ళు తియ్యకుండా. "ఈ పని మానేసేదాకా దాన్ని ముట్టుకోను. కింద షాపులోనే పడుకుంటాను. ఈ గదిలోకి నా బట్టలు కూడా రానివ్వకు."

"పని మానేస్తే తినేదేంటి? ఇస్త్రీ పెట్టెనా?" అన్నారు అత్తయ్య.

ఆయన అప్పటికే గుమ్మం దాటారు. ఇనప మెట్లు దిగుతున్న చప్పుడు మాత్రం వినబడింది. అక్క నా వంక చూసింది.

"చూశావా? పిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఒక్క సాయంత్రం. ఒకే ఒక్క సాయంత్రం ఎత్తుకున్నాడు మహానుభావుడు."

ఆమె నవ్వబోయింది. కానీ పెదవులు మాట వినలేదు.

ఆ పూట ఇంట్లో ఎవరికీ ఒకచోట కాలు నిలవలేదు. అత్తయ్య పిల్ల గుడ్డలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు. అక్క పాపను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగింది. నేను పైకీ కిందికీ తిరిగాను. పైకి వెళ్తే "కింద ఏం చేస్తున్నాడు?" అని అక్క. కిందికి వెళ్తే "పైన ఎలా ఉంది?" అని బావగారు. ఇద్దరి మధ్యా నేను ఆ కోట్ల పట్టాలా తిరుగుతూనే ఉన్నాను.

పిల్లల డాక్టరమ్మ క్లినిక్‌కి ఫోన్ చేసింది నేనే. అక్కడి అమ్మాయి తీరిగ్గా అడిగింది.

"జ్వరముందా?"

"లేదు."

"పాలు తాగుతోందా?"

"బాగా."

"గుడ్డలు తడుపుతోందా? ఏడుపు గట్టిగా ఉందా?"

"వీధి చివరిదాకా వినబడుతుంది."

"అయితే భయపడకండి, సాయంత్రం తీసుకురండి. ఈలోగా ఒళ్ళు కాలినా, పాలు పట్టకపోయినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా, ఆ మచ్చలు నీళ్ళ పొక్కుల్లా ఉబ్బినా, చీము పట్టినా ఆగొద్దు. వెంటనే వచ్చేయండి."

ఆ మాటలు పైన అందరికీ చెప్పాను. అక్క అరచేతిని పాప నుదుటి మీద పెట్టింది. ఇక తియ్యలేదు. పాపకి విసుగొచ్చి ఏడ్చింది. ఏడవగానే అత్తయ్య "గట్టిగానే ఏడుస్తోంది, గట్టిగానే ఏడుస్తోంది" అని సంతోషించారు.

ఈలోగా నేను ఫోన్‌లో వెతికాను. ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది. నేను కాలేజీలో చదివింది చరిత్ర. ఏ రాజు ఎవరి మీద ఎందుకు దండెత్తాడో చెప్పగలను కానీ, పసిపిల్ల వీపు మీద ఎర్రమచ్చలంటే నాకేం తెలుసు? ఆ ఫొటోల్లో పిల్లల్ని చూసి ఫోన్ బోర్లించి, దాని మీద దిండు పెట్టాను.

కిందికి వెళ్తే బావగారు చేతులు కడుక్కుంటున్నారు. ఇస్త్రీ బల్ల దగ్గరనుంచి మా ఆయన నాకు కనుసైగ చేశాడు, పొద్దుటినుంచి ఇదే వరస అన్నట్టు. చేతులు తుడుచుకుని బావగారు మరకల బల్ల ముందు నిలబడ్డారు. బల్ల మీద ఎవరిదో తెల్ల చొక్కా. దాన్ని చూశారు. పక్కన పెట్టారు. ఇంకోటి తీశారు. అదీ పక్కన పెట్టారు. మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళారు.

"అన్నయ్యా, చేతులు అరిగిపోతాయి," అన్నాడు మా ఆయన.

"పైన ఎలా ఉంది అమ్మాయ్?"

"బాగానే ఉంది బావగారూ. పాలు తాగి పడుకుంది."

"అక్కడ ఎవరూ నా తువ్వాలు వాడలేదు కదా?"

"లేదండీ."

"కుర్చీ మీద నా చొక్కా ఉంటుంది. కర్రతో తియ్యండి."

మా ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి నా చెవిలో మెల్లగా అన్నాడు. "మరకల విషయంలో అన్నయ్య మాట ఇప్పటిదాకా తప్పలేదు." అతని ముఖంలో నవ్వు లేదు. అంతసేపూ, పెళ్ళైన కొత్త కదా, నాకు ఏ కష్టమూ నిజంగా మనింటికి రాదనిపిస్తూ ఉండింది. ఇంట్లో అంత గాభరా నడుస్తున్నా, మెట్లు దిగుతుంటే అతను కనబడతాడన్న సంతోషం కాళ్ళలో ఉండనే ఉంది. ఆ మాట విన్నాక మొదటిసారి మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాను.

భోజనాల వేళ దాటాక పాపకి గుడ్డ మార్చే పని అక్క నాకిచ్చింది. అక్క మంచానికి వెన్ను ఆనించి కళ్ళు మూసుకుంది. నేను పాపను పక్కకి తిప్పి వీపు చూశాను. కిటికీ తెర పక్కకి లాగి మళ్ళీ చూశాను.

వీపు మీద ఏమీ లేదు.

నాలుగు మచ్చల వరసా లేదు, విడిగా ఉన్న ఆ ఒక్కటీ లేదు. నున్నగా, అప్పుడే మబ్బు తొలగినట్టుంది. వెల్లకిలా తిప్పితే పొట్ట మీద మూడు, తొడ మీద ఒకటి, బుగ్గ మీద ఒకటి కొత్తవి ఉన్నాయి. నేను వాటిని పట్టించుకోలేదు. వీపు మీదవి పోయాయి! అక్కని లేపకుండా అత్తయ్య చేతిలో పాపను పెట్టి, చెప్పులు లేకుండా మెట్లు దిగాను.

"బావగారూ! పోయాయి!"

ఆయన తల ఎత్తారు. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు గంతెయ్యాలనిపించింది.

"పోయాయా? అన్నీనా?"

"వీపు మీద ఒక్కటి లేదు! పొట్ట మీద మాత్రం కొత్తవి వచ్చాయి. బుగ్గ మీద ఒకటి."

వెలుగు ఆరిపోయింది.

"మధ్యలో తెల్లగా ఉన్నాయా?"

"కొంచెం. చుట్టూ ఎరుపు."

ఆయన ఒక పాత గుడ్డముక్క తీశారు. దాని మీద పెన్ను సిరా చుక్క పెట్టారు. సీసాలోంచి ఒక చుక్క మందు ఆ సిరా నడినెత్తిన వేశారు. మేం చూస్తుండగానే మధ్యలో తెల్లబడింది. సిరా ఎక్కడికీ పోలేదు, వలయంలా బయటికి పాకింది. మొదట ఉన్నచోటు దాటి, మొదటికంటే వెడల్పుగా.

"ఇదీ సంగతి," అన్నారు. "కొత్తగా పనిలోకి వచ్చినవాడు ఇక్కడ తెల్లబడింది కదా అని సంతోషిస్తాడు. మరక పోలేదమ్మా. మందు లోపలుంది. జరుగుతోంది. వీపు మీదినుంచి పొట్ట మీదికి వచ్చిందంటే దాని ఒంట్లోకి దిగిందన్నమాట."

నేను మా ఆయన వంక చూశాను. అతను గుడ్డ వంక చూస్తున్నాడు. ఇంత మంచి వార్త మోసుకొచ్చి, ఆయన చేతిలో పెట్టేసరికి అది ఇలా అయిపోయింది. ఆయన ఆ గుడ్డముక్కను చెత్తబుట్టలో వేసి, మళ్ళీ చేతులు కడుక్కున్నారు. ఈసారి మోచేతుల దాకా.

క్లినిక్ మా వీధి చివర మలుపు తిరిగితే వస్తుంది. అక్క పాపను పొత్తిళ్ళలో పెట్టుకుంది. నేను సంచీ పట్టుకున్నాను. అత్తయ్య ఇంట్లో, మా ఆయన షాపులో ఉండిపోయారు. బావగారు ఉతికిన చొక్కా వేసుకుని బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ ఎక్కారు. మేం కదిలితే ఆయన కదిలారు. మేం ఆగితే ఆగారు. మధ్యలో బస్సు వచ్చి ఆయన్ని దాచేస్తే, అది వెళ్ళేదాకా మెడ నిక్కించి చూశారు.

"ఏమండీ!" అని అక్క రోడ్డు మీదే అరిచింది. "మాతో వస్తున్నారా, మమ్మల్ని పట్టుకోడానికి వెంబడిస్తున్నారా?"

"నువ్వు నడువు! ముందు చూసి నడువు! అక్కడ గుంట ఉంది!"

"మా పక్కన నడిస్తే గుంట మీరే చూపించొచ్చు కదా!"

"గాలి అటే వీస్తోంది. నాకు దగ్గరగా రావద్దు."

ఒక ముసలాయన కూరల సంచీ దింపి ఈ సంభాషణ ఆసాంతం విన్నాడు. మా అక్క వంక జాలిగా చూసి, "కొత్తలో అంతే లేమ్మా, రెండ్రోజుల్లో దిగొస్తాడు" అని సర్దిచెప్పి వెళ్ళాడు. నాకు నవ్వొచ్చింది. పక్కకి చూస్తే అక్క కళ్ళనిండా నీళ్ళు.

"ఆయన పిల్లకి దూరంగా ఉండగలడు," అంది అక్క నాతో. "ఆయన మొండితనం నీకు తెలీదు. అనుకున్నాడంటే ఉంటాడు. అది పాకుతుంది, నడుస్తుంది, బడికెళ్తుంది. ఈయన అవతలి ఫుట్‌పాత్ మీద ఉంటాడు."

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

డాక్టరమ్మ పొట్టిగా, గుండ్రంగా ఉంది. చెవి మీద పెన్ను. మేం వెళ్ళేసరికి బిస్కెట్ తింటోంది. చేతులు దులుపుకుని, కడుక్కుని, "ఏదీ, ఇటు ఇవ్వండి మహారాణిని" అంది. బల్ల మీద పడుకోబెట్టి గుడ్డలన్నీ విప్పించింది. అక్క ఒక పక్క, నేను ఒక పక్క. బావగారు తలుపు పట్టుకుని, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"ఆయనెవరు?"

"వాళ్ళ నాన్న," అంది అక్క.

"నాన్నగారూ, వస్తే రండి, పోతే పొండి. తలుపు తీసి ఉంటే పిల్లకి చలి గాలి కొడుతుంది."

ఆయన లోపలికి వచ్చి, తలుపేసి, ఆ తలుపుకే అతుక్కుపోయారు.

డాక్టరమ్మ పొట్ట మీద మచ్చను వేలితో మెల్లగా నొక్కి వదిలింది. ఎరుపు పోయి పాలిపోయింది, మళ్ళీ ఎరుపెక్కింది. ఇంకోటి నొక్కింది. ఒళ్ళు వేడి చూసింది. పాలు, నిద్ర, ఏడుపు అన్నీ అడిగింది. బఠాణీ ఈలోగా ఆమె పెన్ను వైపు గుర్రుగా చూస్తూ కాళ్ళు తన్నుకుంది.

"పొద్దున ఎక్కడున్నాయి?"

"వీపు మీద," అన్నాను నేను. "మధ్యాహ్నానికి పోయాయి. ఇవి కొత్తవి."

"అబ్బ, మంచి మాట చెప్పావు."

"మంచి మాటా?" అని తలుపు దగ్గరనుంచి గొంతు. "జరుగుతున్నాయండీ! పాకుతున్నాయి!"

"జరగాలనే కదండీ నా కోరిక. ఒకచోట పోయి ఇంకోచోట వస్తే నాకు బెంగ లేదు. ఒకేచోట తిష్ఠ వేసి, గట్టిపడి, వేడెక్కి, అంతకంతకూ పెద్దదైతే అప్పుడు చూస్తాను నేను. నొక్కినా రంగు మారని ఊదా మచ్చలయితే పరుగెత్తమంటాను. ఇవి అలాంటివి కావు. పుట్టిన కొత్తలో సగానికి సగం మంది పిల్లలకి వస్తాయి. పూటకోచోట కనబడి, వారం పదిరోజుల్లో వాటంతటవే పోతాయి."

"మందు?"

"ఏమీ వద్దు."

"ఏమీ లేకుండా ఎలా పోతాయండీ?" బావగారి గొంతులో కోపమే ఉంది. "దేనికైనా ఒక మందుంటుంది. మందు వెయ్యకుండా పోయిన మరక నేను చూళ్ళేదు."

"మరకేంటి?" అని డాక్టరమ్మ అక్క వంక చూసింది.

అక్క చెప్పింది. షాపు గురించి, చేతుల గురించి, నాలుగు మచ్చలూ ఒకటీ వరస గురించి. "పొద్దుటినుంచి పిల్లని ముట్టుకోలేదండీ. ఇక ముట్టుకోనంటున్నాడు."

డాక్టరమ్మ ఆయన్ని వెక్కిరించలేదు. ఓదార్చనూ లేదు. ఆయన వైపు తిరిగింది.

"నాన్నగారూ, మీ పనిలో మీరు మరక ఎక్కడినుంచి వచ్చిందో చెబుతారట కదా. ఎలా చెబుతారు?"

"ఎక్కడ ఎక్కువసేపు తగిలిందో అక్కడ ముదురుగా ఉంటుంది," అన్నారు ఆయన. "అంచులకి పోనుపోను పలచబడుతుంది."

"నిన్న మీరెత్తుకున్నప్పుడు ఎక్కువసేపు ఎక్కడ తగిలింది?"

అక్క చటుక్కున తలెత్తింది.

"చెయ్యి! ఏమండీ, దాని చెయ్యి! నిన్న సాయంత్రమంతా మీ చూపుడువేలు పట్టుకునే పడుకుంది కదా. వదిలించుకోలేక కుర్చీలో అలాగే కూర్చుండిపోయారు. కాలు తిమ్మిరెక్కిందని కూడా అన్నారు!"

"అయితే చూసుకోండి," అంది డాక్టరమ్మ.

బఠాణీ పిడికిళ్ళు రెండూ మూసి ఉన్నాయి. డాక్టరమ్మ కుడి పిడికిలి కింద తన చిటికెనవేలు ఆనించి రాస్తే, వేళ్ళు పువ్వులా విచ్చుకున్నాయి. బావగారు తలుపు వదిలారు. ఒక అడుగు వేశారు. ఆగారు. ఇంకో అడుగు వేశారు. దీపం కింద కోటు చూసినట్టే, వంగి ఆ అరచెయ్యి చూశారు.

గోరంత గీతలు. మధ్యలో పొత్తిళ్ళ దూది పోగు ఒకటి. ఒక్క మచ్చ లేదు.

"రెండో చెయ్యి," అన్నారు.

రెండో చెయ్యి కూడా చూశారు.

"ఈ రకం మచ్చలు అరచేతుల్లో, అరికాళ్ళలో రావు," అంది డాక్టరమ్మ. "మీరు ముట్టుకున్నా, ముట్టుకోకపోయినా వచ్చేవే. ఆ వరస మీ వేళ్ళకి సరిపోయిందంటే, ఏదో ఒక వరస దేనికో ఒకదానికి సరిపోతుంది, అంతే."

ఆయన ఇంకా వంగే ఉన్నారు. కానీ ఆయన కళ్ళు ఊరుకోలేదు. మరకలు చూసి చూసి అలవాటైన కళ్ళు కదా, ఇక ఒక్కోటీ బయటికి లాగడం మొదలుపెట్టాయి.

"ఈ ముక్కు మీద తెల్ల చుక్కలేంటండీ? రవ్వ చల్లినట్టున్నాయి."

"అవీ అంతే. కొన్ని వారాల్లో పోతాయి. గిల్లకండి, చిదమకండి," అని డాక్టరమ్మ పాపను పక్కకి తిప్పింది.

"మెడ వెనక ఈ ఎరుపు? ఏడిస్తే ముదురుతోంది."

"చాలామంది పిల్లలకి ఉండేదే. పలచబడుతుంది. మెడ మీదిది కొందరికి ఉండిపోతుంది, జుట్టు కప్పేస్తుంది."

"నడుం కింద ఈ నీలం? దెబ్బ తగిలిందేమో! ఎవరైనా గట్టిగా పట్టుకున్నారేమో!" అని నా వంక చూశారు.

"నేనేం చేశాను బావగారూ!"

"దెబ్బ కాదు, పుట్టుమచ్చ. ఏళ్ళ మీద దానంతటదే వెలిసిపోతుంది," అంది డాక్టరమ్మ. "మణికట్టు దగ్గర పొట్టు లేస్తోంది చూశారా? అడగబోతున్నారు కదా. అదీ మామూలే. ఇన్నాళ్ళూ నీళ్ళలో ఉండి బయటికొచ్చిన చర్మం."

"మరి నా చేతులు?" అని చివరికి అడిగారు. రెండు చేతులూ ఆమె ముందు చాచారు, పని అప్పజెబుతున్నట్టు. పొద్దుటినుంచి కడిగి కడిగి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది.

"మీ మందులు పసిపిల్లలకి మంచివి కావు, ఆ మాట నిజమే. పని చొక్కా షాపులోనే విప్పెయ్యండి. సబ్బుతో ఒకసారి బాగా కడుక్కోండి. ఒక్కసారి. ముప్ఫైసార్లు కాదు. పని చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. మీ చర్మానికి ఏదైనా క్రీము రాసుకోండి, పాపం. ఇక పిల్లని కాస్త ఎత్తి పట్టుకోండి, నేను కిటికీ వెలుతురులో వీపు చూడాలి."

"నేనా?"

"నా పొట్టి చేతులతో పట్టుకుని నేనే చూడలేను కదా. రండి."

ఆయన సింకు దగ్గర చేతులు కడుక్కున్నారు. రెండోసారి కుళాయి తిప్పబోతుంటే అక్క "ఏమండీ" అంది. అంతే. తిప్పలేదు. తుడుచుకుని వచ్చి, మెడ కింద ఒక చెయ్యి, పిర్రల కింద ఒక చెయ్యి పెట్టి పాపను ఎత్తారు. బఠాణీ తల ఆయన భుజం మీద వాలి, నోటితో చొక్కాను వెతికి, ఏమీ దొరక్క విసుక్కుని, అక్కడే నిద్రపోయింది. డాక్టరమ్మ వీపు చూసింది. "బాగుంది" అంది. చూడటం అయిపోయిందని చెప్పింది. ఇచ్చెయ్యొచ్చని కూడా చెప్పింది. ఆయన కదల్లేదు.

అక్క గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంది. నేను సంచీలో దేనికోసమో వెతికాను. అందులో ఏమీ వెతకాల్సిన పని లేదు.

బయటికి వచ్చాక మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. అవతల ఆవిరి చప్పుడులో అతను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టడం వినబడింది. తర్వాత అతను నెమ్మదిగా "నువ్వు తొందరగా వచ్చెయ్" అన్నాడు. నా చెవి వేడెక్కింది. అక్క చూసి, "ఏమన్నాడు?" అంది. "ఇస్త్రీ చాలా ఉందట," అన్నాను. "ఆహా," అంది అక్క.

బావగారు ముందు నడుస్తున్నారు. పాప ఆయన దగ్గరే ఉంది. ఫుట్‌పాత్ మధ్యలో నడుస్తున్నారు, గుంట దగ్గర ఆగి, పక్కనుంచి చుట్టి వెళ్ళి, ఎదురొచ్చే వాళ్ళందర్నీ మోచేత్తో పక్కకి జరుపుతూ. మధ్యమధ్య ఆగి పొత్తిళ్ళు కొద్దిగా తొలగించి చూస్తున్నారు. రోడ్డు మధ్యలో కూడా ఆగబోతే ఒక స్కూటరువాడు హారన్ కొట్టాడు.

"ఒకసారి ఇటివ్వండి, నాకు పాలిచ్చే వేళయింది," అంది అక్క.

"నిద్రపోతోంది కదా, లేపడమెందుకు?"

"పోనీ నాకివ్వండి బావగారూ," అన్నాను నేను. "మీ భుజం నొప్పెడుతుంది."

"నువ్వు పొద్దుటినుంచీ ఎత్తుకుంటూనే ఉన్నావు కదమ్మాయ్. కాసేపాగు." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగారు. కంగారుగా ఉన్నారు. "ఒరేయ్, కాదు, అమ్మాయ్, ఇటు చూడు. ఈ చెవి వెనక ఇది పొద్దున ఉందా?"

"అది వెంట్రుక బావగారూ."

"వెంట్రుకేనా? సరిగ్గా చూడు."

చూశాను. వెంట్రుకే. ఆయన నమ్మలేదు. అక్కకీ చూపించారు. అక్క కూడా వెంట్రుకే అంది. అప్పుడు తల ఊపి, పాపను ఇంకాస్త పైకి సర్దుకుని, మాకు అందకుండా వేగంగా ముందుకు నడిచారు. అక్కా నేనూ ఖాళీ చేతులు ఊపుకుంటూ ఆయన వెనకే నడిచాం.